ఏటవాలు వాన

తలుపు తీసిన అబ్బాయి చేతిలో బకెట్ ఉంది. అందులో సగం దాకా నీళ్ళు.

"ఆంటీ పంపించిందా మిమ్మల్ని?" అన్నాడు. హలో లేదు, ఏమీ లేదు.

భవిత తెల్లబోయింది. "ఏ ఆంటీ?"

"పైన కనకదుర్గ ఆంటీ. కుండీలు తీయించొద్దని చెప్పనీకి వచ్చినరు కదా? పోయినసారి వాళ్ళ చుట్టాలాయన వచ్చిండు. ఈసారి మీరు. చూడండి, నాకు గోంగూర మీద కోపమేం లేదు. కానీ దానికి పోసిన నీళ్ళన్నీ మా హాల్లోకి వస్తున్నయి."

"అయిపోయిందా?"

"ఏంది?"

"మీ స్పీచ్." భవిత మెడలోని ఐడీ కార్డు ఎత్తి అతని కళ్ళ ముందు పెట్టింది. "నేను బిల్డింగ్ ఇంజినీర్ని. బాల్కనీ లీక్ చూడమని మీ హెచ్‌ఓఏ పంపింది. మీరు కాస్త తప్పుకుంటే లోపలికి వస్తాను."

అతను కార్డు వైపు చూశాడు, ఆమె కాళ్ళకున్న మట్టి బూట్ల వైపు చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"సివిలా?"

అమెరికాలోని శాంటా క్లారాలో తెలుగమ్మాయి కనిపిస్తే ఏ కంపెనీ, ఏ టీమ్ అని అడగడం ఆనవాయితీ. సివిల్ అనగానే అందరి మొహాల్లోనూ ఒకటే జాలి. భవితకి అది అలవాటే. గడ్డం కాస్త పైకెత్తి, "సివిలే. సాఫ్ట్‌వేర్ రాక కాదు, ఇది బాగా వచ్చు కనక" అంది.

అతని పేరు శశికాంత్. వరంగల్ కుర్రాడు, ఒక చిప్ కంపెనీలో పని. రెండో అంతస్తులో ఈ కాండో ఫ్లాట్ కొనుక్కుని రెండేళ్ళు కాలేదు. ఓనర్ల సంఘమైన హెచ్‌ఓఏ బోర్డులో మెంబర్ కూడా.

"ఇంజినీర్‌ని పిలుద్దాం అన్నప్పుడు ఫస్ట్ చెయ్యెత్తింది నేనే," అన్నాడు దారి ఇస్తూ, కాస్త సిగ్గుపడి.

"పిలిచారు, వచ్చాక గోంగూర బంధువు అనుకున్నారు. బావుంది."

లోపల సోఫా ఒక గోడకి నెట్టేసి ఉంది. సీలింగ్ మీద గోధుమరంగు మరక. దాని కింద స్టీలు గిన్నె, పక్కనే ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన శేషమ్మ. నలభై మంది పిల్లల క్లాసుని చూపుతోనే కూర్చోబెట్టిన టీచరమ్మ, రిటైరై వచ్చి ఇక్కడ గిన్నెలు మారుస్తోంది.

"ఇంజినీరమ్మవా? రా బిడ్డా. చాయ్ తాగి చూస్తవా, చూసి తాగుతవా?"

"చూసి తాగుతాను ఆంటీ."

"మంచిది. పని తెల్సిన పిల్లవే."

పై ఇంటి బాల్కనీ సగం వీళ్ళ హాలు మీద, సగం బయటికి ఉంటుంది. భవిత నిచ్చెన ఎక్కి మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. తేమ మీటర్ సూదులు గుచ్చి చూసి, ఫొటోలు తీసుకుంది.

"చూడాల్సిందేముంది, కుండీలే," అన్నాడు శశికాంత్ కింద నుంచి.

"కావచ్చు. రేపు టెస్ట్ చేసి చెప్తాను."

"నేనిప్పుడే చెప్తున్న."

"అందుకే మిమ్మల్ని కాకుండా నన్ను పిలిచారు."

శేషమ్మ పకపకా నవ్వింది. శశికాంత్‌కి కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదా అని ఆ సాయంత్రమంతా ఆఫీస్ మీటింగుల్లో ఆలోచిస్తూనే ఉన్నాడు.

*

మర్నాడు కనకదుర్గ ఆంటీ బాల్కనీలో కోర్టు తీరింది.

ఆవిడది విజయవాడ. ఆ బాల్కనీలో గోంగూర, మల్లె, తులసి ఉన్నాయి. మనిషెత్తు కరివేపాకు మొక్క ఉంది. కాంప్లెక్స్‌లోని తెలుగు వాళ్ళందరి తాలింపులూ ఆ మొక్క చలవే. అలాంటి మొక్కల్ని తీసేయమని సంఘం నుంచి నోటీసు వచ్చేసరికి ఆవిడ అన్నం మానేసినంత పని చేసింది.

"బాల్కనీ ఖాళీ చేసి, డ్రెయిన్ మూసేసి, నేల మీద వేలు మందం నీళ్ళు నిలబెడతాను. రేపటిదాకా ఉంచుతాను. నేలలోంచి దిగుతుంటే కింద కారి తీరాలి," అంది భవిత.

"కుండీలు ఎవరు మోస్తారమ్మా?"

ఇద్దరూ ఒకేసారి శశికాంత్ వైపు చూశారు.

"నా మొక్కల మీద అభాండం వేసింది నువ్వేగా అబ్బాయ్," అంది ఆంటీ. "నువ్వే మొయ్యి."

మోశాడు. కరివేపాకు కుండీని కౌగిలించుకుని, రొమ్మంతా మట్టి చేసుకుని, పీతలా పక్కకి నడుస్తూ హాల్లోకి తెచ్చాడు.

"జాగ్రత్త. ముద్దాయికి ఏమైనా అయితే కేసు కొట్టేస్తారు," అంది భవిత.

"ఈ ముద్దాయి బరువు చూస్తే నేరం చేసినట్టే ఉన్నది."

ఆకుల సందుల్లోంచి అతను నవ్వాడు. భవిత చటుక్కున నీళ్ళ పైపు వైపు తిరిగింది.

మర్నాడు కింద సీలింగ్ పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. మీటర్ కూడా కదల్లేదు.

"మీ టెస్ట్ ఫెయిల్," అన్నాడు శశికాంత్.

"టెస్ట్ పాసయింది. కుండీలు నిర్దోషులు. మళ్ళీ మోసి పెట్టండి."

అతను పైకి వెళ్ళి, ఒక్కో కుండీనీ దాని చోట పెట్టి, "సారీ ఆంటీ, తప్పు నాది. నోటీసు వెనక్కి తీయిస్త," అన్నాడు. కిందికి వచ్చేటప్పుడు చేతిలో గోంగూర పచ్చడి డబ్బా ఉంది.

భవిత మెట్ల దగ్గర అంతా వింది. వాదనలో ఓడిపోయిన మగవాళ్ళని చాలామందిని చూసింది తను. ఓడిపోయాక మొహం ఇంత తేటగా ఉన్నవాడిని చూడలేదు.

*

"ఆంటీ, వాన పడిన ప్రతిసారీ కారుతుందా?" చాయ్ తాగుతూ శేషమ్మని అడిగింది భవిత.

శేషమ్మ కళ్ళు చిట్లించి ఆలోచించింది. "లేదు బిడ్డా. పోయిన నెల దబదబా పడ్డది, సుక్క కారలే. మొన్న సన్నగనే పడ్డది. కానీ గాలి... ఇగో, ఈ పార్కింగ్ దిక్కుకెళ్ళి కొట్టింది. గప్పుడు గిన్నె నిండింది."

"నాకెప్పుడూ చెప్పలే!" అన్నాడు శశికాంత్.

"నువ్వు అడిగినవా? కుండీలు కుండీలని ఒకటే పాట."

భవిత కప్పు కింద పెట్టేసింది. ఆమె కళ్ళు వెలిగాయి. "అంటే నిలువు వాన కాదు, ఏటవాలు వాన. నీళ్ళు నేలలోంచి రావట్లేదు, గోడలోంచి వస్తున్నాయి. ఆంటీ, మీరు మా ఆఫీసులో చేరిపోండి."

"జీతం ఎంతిస్తరు?"

"చాయ్ ఫ్రీ."

అలా వెలిగే మొహాన్ని శశికాంత్ రోజూ ఆఫీసులో వెతుకుతుంటాడు, దొరకదు. పని చేసేవాళ్ళు దొరుకుతారు. పని ఇంత ఇష్టంగా చేసేవాళ్ళు ఎక్కడో ఒకరు. ఈ మాట పైకి అనలేదు. "ఇంకో కప్పు?" అని మాత్రం అడిగాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భవిత ఫోన్ మోగింది.

"వాన," అన్నాడు శశికాంత్. "గాలి కూడా. పార్కింగ్ దిక్కు నుంచే."

"వస్తున్నా!"

ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకుని భవిత తనమీద తనే విసుక్కుంది. లీక్ చూడటానికి వెళ్తూ జడ ఎందుకు మళ్ళీ వేసుకున్నట్టు?

కనకదుర్గ ఆంటీ బాల్కనీలో గొడుగు పనిచేయలేదు. వాన పై నుంచి కాక పక్క నుంచి వస్తోంది. ఆమె టార్చి వేసి గోడ మీద జారుతున్న నీళ్ళ వెంట చూపు నడిపింది. అతను గొడుగు అడ్డంగా పట్టుకుని ఆమెకి గాలి వైపు నిలబడ్డాడు. అతని వీపు మొత్తం తడిసిపోయింది.

"మీరు తడుస్తున్నారు."

"ఫర్వాలేదు. నేను వాటర్‌ప్రూఫ్."

"ఎవరు సర్టిఫై చేశారు?"

"ఇంజినీర్ మీరే కదా. టెస్ట్ చేయండి."

ఆమె టార్చి వెలుతురు ఒక చోట ఆగిపోయింది. రెయిలింగ్ చివర గోడకి బిగించిన ఇనుప పట్టీ. దాని స్క్రూల చుట్టూ నీళ్ళు దిగకుండా పూసిన సీలెంట్ ఎండి, పగిలి, పెచ్చులూడిపోయింది. గోడ మీది నీళ్ళన్నీ ఆ పట్టీ మీద గుమిగూడి, చీలికలోకి గుటకలేసినట్టు దిగిపోతున్నాయి.

"దొరికావు," అంది భవిత గుసగుసగా.

శశికాంత్ ఉలిక్కిపడ్డాడు. తనని కాదని అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

వాన వెలిసిన మర్నాడు ఎండలో భవిత ఆ పట్టీ ఒక్కదాని మీదే పైపుతో నీళ్ళు కొట్టింది. కింద శేషమ్మ మరక కేసి చూస్తూ ఫోన్ చెవిన పెట్టుకుంది. కాసేపటికి ఫోన్ అవసరం లేకుండానే ఆవిడ గొంతు పైకి వినిపించింది.

"కారింది! బిడ్డా, కారింది!"

కనకదుర్గ ఆంటీ చప్పట్లు కొట్టింది. "నా మొక్కలు బంగారం అని నేను ముందే చెప్పానా!" సీలింగ్ కారినందుకు అంత సంబరం చేసుకున్న ఇల్లు అమెరికాలో మరొకటి ఉండదు.

*

సంబరం ఎక్కువసేపు నిలవలేదు.

సీలింగ్‌లో చిన్న కన్నం చేసి, బాల్కనీని మోసే చెక్క దూలానికి భవిత మీటర్ గుచ్చింది. అంకె చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకో చోట గుచ్చింది. సూదులు వెన్నలోకి దిగినట్టు దిగాయి.

"ఇది ఈ చలికాలం వానల తడి కాదు," అంది నెమ్మదిగా. "ఏళ్ళుగా దిగుతోంది. దూలం చివర పుచ్చిపోయి ఉంటుంది."

"మొన్న మనం అక్కడే నిలబడ్డం కదా," అన్నాడు శశికాంత్.

"అదే తలుచుకుంటున్నా."

కాంప్లెక్స్‌లో అన్ని బాల్కనీలకీ అదే రెయిలింగ్, అవే పట్టీలు. కనకదుర్గ ఆంటీ మనవరాలు సాన్వి మొదటి పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది. కేక్ బాల్కనీలో కట్ చేసి, అందరూ మొక్కల మధ్య నిలబడి ఫొటో తీసుకోవాలని ఆవిడ ప్లాన్.

"ఎవర్నీ నిలబెట్టొద్దు ఆంటీ," అని భవిత ఆవిడ చేతులు పట్టుకుంది. "గోడ తెరిచి చూసేదాకా ఎవర్నీ వద్దు."

ఆ తర్వాతి రోజుల్లో ఆమె ఇంటింటికీ తిరిగి ప్రతి పట్టీనీ పరీక్షించింది. శశికాంత్ వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఫ్లాస్క్‌తో చాయ్ తెచ్చేవాడు. నిచ్చెన పట్టుకునేవాడు. మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"నీళ్ళు ఇక్కడ దూరి అక్కడెక్కడో కారుడేంది?"

"గోడలోకి దిగి, దూలం అంచు పట్టుకుని నడుస్తాయి. ఎక్కడ ఆగితే అక్కడ కారతాయి. మరక కింద వెతికితే దొరకదు."

"నీకు ఇదంతా ఎందుకింత ఇష్టం?"

భవిత నిచ్చెన మీద నుంచి కిందికి చూసింది. "నేను బాగా చేస్తే ఏమీ జరగదు. ఎవరూ పడరు, ఏదీ కూలదు. ఎవరికీ నేనున్నట్టే తెలీదు. కానీ నాకు తెలుసు. రోడ్డు మీద వెళ్తూ ఒక బాల్కనీ చూసి, అందులో ఎవరో కాఫీ తాగుతుంటే, అది నేను నిలబెట్టిందే అనుకుంటా. గర్వంగా ఉంటుంది."

శశికాంత్ నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

*

భవిత రిపోర్ట్ మీద ఓటింగ్ క్లబ్‌హౌస్‌లో. కుర్చీలన్నీ నిండిపోయాయి. బోర్డు ప్రెసిడెంట్ డయేన్, రిటైరైన లాయర్, కళ్ళజోడు ముక్కు చివరికి దించి కాగితాలు తిప్పుతోంది.

భవిత చెప్పింది సూటిగా ఉంది. ఒక బాల్కనీ గోడ తెరిచి చూడాలి. అప్పటిదాకా అన్ని బాల్కనీలూ మూసేయాలి. ఇంకో కాంట్రాక్టర్ మాత్రం పైన కొత్త పూత వేస్తే చాలు, వారంలో అయిపోతుంది అన్నాడు. జనానికి అదే నచ్చుతోంది.

"నువ్వు తెరిచాక లోపల బాగానే ఉంటే?" అని అడిగింది డయేన్ ఇంగ్లీషులో.

"ఇదే గదిలో, ఇదే చోట నిలబడి నేను పొరపాటు పడ్డానని చెప్తాను."

"ఇప్పుడు ఆ బాల్కనీ మీద నువ్వు నిలబడతావా?"

"మొన్న తెలియక నిలబడ్డాను. ఇప్పుడు తెలుసు. నేనూ నిలబడను, ఇంకెవర్నీ నిలబడమని సంతకం పెట్టను. పూత మీద పూత వేస్తే మరక కనిపించదు. దూలం మాత్రం లోపల పుచ్చుతూనే ఉంటుంది."

వెనక వరసలోంచి కనకదుర్గ ఆంటీ లేచి, "మా గోడే తెరవండి. పుట్టినరోజు గదిలో చేసుకుంటాం," అంది.

"ఓటింగ్," అంది డయేన్. "శశికాంత్, నీతో మొదలుపెడదాం."

భవిత అతని వైపు చూసింది. ఆ గదిలో ఆమె భయపడకుండా చూసిన మొహం అదొక్కటే.

శశికాంత్ లేచాడు. ఆమె వైపు చూడలేదు. "ఈ విషయంలో నేను ఓటు వేయను," అన్నాడు.

గుసగుసలు లేచాయి. కింద ఫ్లాట్ వాడే, నిచ్చెన పట్టుకున్నవాడే వెనక్కి తగ్గితే ఇంకేముంది అని ఎవరో పైకే అన్నారు. భవిత పెన్నుకి మూత పెట్టింది. పెదవులు బిగించి, తల ఎత్తే ఉంచింది.

తక్కిన నలుగురిలో ఇద్దరు అవునన్నారు, ఒకాయన కాదన్నాడు. మిగిలింది డయేన్. ఆవిడ కళ్ళజోడు తీసి భవితని కాసేపు చూసింది.

"నేను ముప్పై ఏళ్ళు సాక్షుల్ని ప్రశ్నించాను. తప్పయితే ఒప్పుకుంటానని ముందే చెప్పేవాళ్ళు చాలా తక్కువ. తెరవండి."

గెలిచింది. అందరూ వచ్చి చేతులు కలుపుతున్నారు. భవిత అందరికీ థాంక్స్ చెప్పి, బ్యాగ్ తీసుకుని పార్కింగ్ వైపు నడిచింది. వెనక నుంచి అడుగులు.

"భవితా, ఒక్క నిమిషం..."

"నువ్వు నన్ను నమ్మకపోతే నిచ్చెన దగ్గరే చెప్పాల్సింది. అందరి ముందు కాదు."

"నమ్మక కాదు..."

"నువ్వు తీసుకున్న జాగ్రత్త బాగానే ఉంది. నేను గెలిచినా, ఓడినా నీకే ఇబ్బందీ లేదు." కారు తలుపు చప్పుడైంది.

తర్వాత అతని ఫోన్లు ఎత్తలేదు. మెసేజ్‌లకి 'సైట్ విషయమైతే మేనేజర్‌కి మెయిల్ చేయండి' అని జవాబు. నువ్వు మళ్ళీ మీరు అయిపోయింది.

*

గోడ తెరిచిన రోజు కింద లాన్‌లో సగం కాంప్లెక్స్ నిలబడింది. కింద బలమైన ఊతాలు పెట్టించాక, పనివాళ్ళు గోడ పైపూత కోసి, కింది పలక తీశారు. భవిత హెల్మెట్ పెట్టుకుని, బయటి నుంచి పనివాళ్ళ లిఫ్ట్ మీద పైకి వెళ్ళింది. బయటపడిన దూలం చివర నల్లగా ఉంది. ఆమె స్క్రూడ్రైవర్ పెట్టి కొద్దిగా నొక్కింది.

దూలం చివర చాయ్‌లో ముంచిన రస్కులా విరిగి, ముద్దముద్దగా లాన్ మీద పడింది.

కనకదుర్గ ఆంటీ చంకలో ఉన్న సాన్విని గుండెకి హత్తుకుంది. ఆవిడ పెదవులు ఏదో దేవుడి పేరు పలికాయి. డయేన్ లాన్ మీద పడిన ముక్కని చేతిలోకి తీసుకుంది. అది వేళ్ళ మధ్యే పొడి అయిపోయింది. "ఆ రాత్రి నేను కాదని ఉంటే..." అని, మాట పూర్తి చేయకుండా తలెత్తి భవితకి సెల్యూట్ చేసింది. లాన్ మొత్తం చప్పట్లు.

భవిత కిందికి దిగింది. కళ్ళు చెమ్మగిల్లాయి గానీ తల వంచలేదు. ఆ క్షణం ఆమెది. ఆమె ఒక్కదానిది.

జనం పలచబడ్డాక శశికాంత్ దగ్గరికి వచ్చాడు. వెనకాల శేషమ్మ.

"చెప్పురా," అంది శేషమ్మ. "నాకు చెప్పింది ఆ పిల్లకి చెప్పు. ఇన్ని రోజులు నా చెవులు తిన్నవు." అని తను పక్కకి వెళ్ళింది. మరీ దూరం మాత్రం వెళ్ళలేదు.

"కంగ్రాట్స్," అన్నాడు శశికాంత్.

"థాంక్స్. ఇంకేమైనా ఉందా?"

"ఉన్నది. బోర్డు రూల్ ఒకటి. పర్సనల్ ఇంటరెస్ట్ ఉన్న విషయంలో మెంబర్ ఓటు వేయకూడదు."

"తెలుసు. మీ సీలింగ్ కారుతోంది కాబట్టి. అయితే ఆ గదిలో అందరికీ బాల్కనీలు ఉన్నాయి. అందరూ వేశారుగా?"

"నా ఇంటరెస్ట్ సీలింగ్ కాదు."

"మరి?"

శశికాంత్ ఆమె చేతి వైపు చూశాడు. "ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని, నన్ను స్క్రూడ్రైవర్‌తో పొడవాలా వద్దా అని చూస్తున్నది."

భవిత చేతిలోని స్క్రూడ్రైవర్ కిందికి దిగింది.

"ఆ పొద్దు నేను చెయ్యెత్తి ఉంటే నా ఓటుతోనే గెలిచేదానివి," అన్నాడు. ఈసారి గొంతులో ఆట లేదు. "కానీ మనిద్దరం రోజూ నిచ్చెన దగ్గర నవ్వుకునుడు అందరూ చూసిన్రు. రేపు ఎవడన్నా, అరే, ఆమె రిపోర్ట్ కాదు, ఆమె వెనక తిరిగే పిలగాడు గెలిపించిండు అంటే? నేను తట్టుకోలేను. నీ గెలుపుల నా వేలు కూడా ఉండొద్దు అనుకున్న. నువ్వు గెలుస్తవని నాకు తెల్సు. అంత నమ్మకం ఉన్నందుకే కూర్చున్న. ముందు నీకు చెప్పాల్సింది. చెప్తే ఎందుకని అడుగుతవు, ఎందుకో చెప్పే ధైర్యం అప్పుడు లేదు."

పైన పనివాళ్ళు ప్లాస్టిక్ షీట్ కప్పుతున్నారు. గాలికి అది టపటపా కొట్టుకుంటోంది. భవిత స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ బిల్డింగ్ రిపేర్ నా చేతిలో ఉంది. అది ఉన్నన్నాళ్ళూ నీకు నేను జవాబు చెప్పకూడదు శశీ."

"అవునా, కాదా అన్నా..."

"ఏదీ చెప్పకూడదు." హెల్మెట్ సర్దుకుని నడిచిపోయింది. మీరు మళ్ళీ నువ్వు అయింది, మొదటిసారి శశీ అని కూడా అంది. ఆ రెండూ చాలు, శశికాంత్ ఆ రాత్రి నిద్రపోకపోవడానికి.

*

వసంతం అంతా రిపేర్ నడిచింది. పుచ్చిన దూలాలు తీసి కొత్తవి వేశారు. పట్టీలన్నీ విప్పి, కింద నీళ్ళు దిగని పొర పరిచి, మళ్ళీ బిగించారు. భవిత రోజూ వచ్చేది. శశికాంత్ రోజూ చాయ్ పంపేవాడు, తను మాత్రం నిచ్చెన దగ్గరికి వెళ్ళలేదు. ఆమె ఖాళీ ఫ్లాస్క్ శేషమ్మకి తిరిగిచ్చేది. కిటికీలోంచి ఒక చూపు పైకి, ఒక చూపు కిందికి. అంతే.

"ఏం రోగంరా మీకు?" అంది శేషమ్మ ఒకరోజు.

"రోగం కాదమ్మా, రూల్."

"మీ రూల్ సల్లగుండ. నా వీసా అయిపోయేలోపన్నా తేలుతదా?"

ఆఖరి తనిఖీ రోజు శశికాంత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగాడు. వచ్చింది నెరిసిన గడ్డం అమెరికన్ ఇంజినీర్. నీళ్ళు కొట్టి, మీటర్ పెట్టి, అన్నీ బాగున్నాయని చెప్పి, కారెక్కబోతున్నాడు.

"భవిత రాలేదా?" అని అడిగాడు శశికాంత్ ఉండబట్టలేక.

"ఈ పని నుంచి తనే తప్పుకుంది. ఆఖరి సంతకం వేరేవాళ్ళు పెట్టాలని పోయినవారం మా ఆఫీసు మేనేజర్‌ని అడిగింది. ఎందుకో నాకు చెప్పలేదు."

ఇన్నాళ్ళ చూపులూ ఊరికేనా? ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయిందా? ఆ కారు గేటు దాటేదాకా శశికాంత్ అక్కడే నిలబడ్డాడు.

అది వెళ్ళిన దారిలోనే ఇంకో కారు లోపలికి వచ్చింది.

భవిత దిగింది. బూట్లు లేవు, హెల్మెట్ లేదు. మామిడిచిగురు రంగు చీర. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, బాల్కనీల వరసని ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకసారి గర్వంగా చూసుకుని, తర్వాత అతన్ని చూసింది.

"ఆయన పాస్ చేశాడా?"

"చేసిండు. నువ్వు ఎందుకు తప్పుకున్నవ్?"

"నేను కట్టించినదానికి నేనే సంతకం పెడితే, ఆ కింద ఫ్లాట్ అబ్బాయి కోసం పెట్టింది అంటారు. పని బాగుందని నాకు తెలుసు. ఇంకొకడు వచ్చి చూసినా బాగుందనే అంటాడనీ తెలుసు." కుచ్చిళ్ళు సర్దుకుంది. "మేనేజర్‌కి కారణం కూడా చెప్పాను. ఆయన నవ్వి, ముందు ఆ అబ్బాయికి చెప్పావా అన్నాడు. అందుకే వచ్చా."

"ఏం చెప్పనీకి?"

"ఇంత ఇంజినీరింగ్ నేర్పించాను, ఇంకా అర్థం కాలేదా?"

"అర్థమైంది. కానీ నీ నోటితో వినాలె."

"నువ్వంటే నాకు ఇష్టం. నా పని చూసి నువ్వు గర్వపడతావు, అదొకటి. నా గెలుపు నాకే ఉండాలని నువ్వు అందరి ముందు మాట పడ్డావు. అలాంటివాడు నాకు ఇంకొకడు దొరకడు. చాలా? లేక నిచ్చెన ఎక్కి చెప్పాలా?"

అతను చేయి చాపాడు, ఆమె అందుకుంది. మూడో అంతస్తు నుంచి చప్పట్లు వినపడ్డాయి. కనకదుర్గ ఆంటీ కొత్త బాల్కనీలో, సాన్విని ఎత్తుకుని, నిండుగా నిలబడి ఉంది.

రెండో అంతస్తులో శేషమ్మ బాల్కనీ తలుపు తెరిచింది. గడప దాటకుండా ఆగి, కింద చేతులు పట్టుకుని నిలబడిన ఇద్దరినీ చూసింది. కొడుకుని కాదు, ముందు ఆ పిల్లనే చూసింది, తరగతిలో ఫస్ట్ వచ్చిన పిల్లని చూసినట్టు.

"ఇంజినీరమ్మా! అడుగు పెట్టొచ్చా దీని మీద?"

భవిత తలెత్తి నవ్వింది.

"ధైర్యంగా పెట్టండి అత్తయ్యా!"